కరుణ అన్న మాట

పంతులమ్మగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ బయట నిలబడి టీ తాగుతున్నాను. ఆవిడ భర్తే ఫోన్ చేశారు. "పొద్దుగాల పోయింది సార్. మీకు చెప్పమని ముందే చెప్పి పెట్టింది" అన్నారు.

ఆవిడ ఒక బైబిల్ కళాశాలలో చాలా ఏళ్లు హీబ్రూ నేర్పి రిటైరయ్యారు. ఏసు కథ మీద వచ్చిన ఒక విదేశీ సీరియల్‌కి నేను తెలుగు మాటలు రాస్తున్నప్పుడు, ఆ కాలపు మాటలూ అలవాట్లూ చెప్పడానికి ఆవిణ్ణి పిలిపించారు. రహమత్ నగర్ నుంచి బస్సులో వచ్చి, చెక్‌పోస్టు దగ్గర దిగి ఎండలో నడిచి వచ్చేవారు. నిఘంటువుని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చేవారు.

"నడుము కట్టుకొని" అన్న చోట నేను బెల్టు అనుకున్నాను. ఆవిడ లేచి, కుచ్చిళ్లు పైకెత్తి నడుములో దోపి చూపించారు. "పొడుగు అంగీ కాళ్లకు అడ్డం పడ్తది బిడ్డా. మా అమ్మ వరి నాటుకు పొయ్యేటప్పుడు గిట్లనే చెక్కుకునేది" అన్నారు. కొడుకు తల్లిని "ఓ స్త్రీ" అని పిలిచినట్టు రాస్తే, అప్పట్లో అది మర్యాద పిలుపేననీ, మన చెవికి మాత్రం కసురుకున్నట్టు ఉంటుందనీ చెప్పి "అమ్మా" అని మార్పించారు. తెలియని మాట తగిలితే దాటిపోవద్దు, అడగమనేవారు. నేను అడిగేవాణ్ణి.

బేత్లెహేములో రాజు పసిపిల్లల్ని చంపించిన ఘట్టం వచ్చింది. మా డబ్బింగ్ అమ్మాయిలు బాగానే ఏడ్చారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆ రోజుల్లో శోకం పెట్టడం తెలిసిన ఆడవాళ్లు ఉండేవారట. చావింటికి వాళ్లని పిలిపించేవారట. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారట. అయితే మీరే చెయ్యండని అడిగాను. వద్దన్నారు. మర్నాడూ వద్దన్నారు. మీరు తప్ప ఎవరూ లేరండీ అని మూడోసారి బతిమాలాను.

"ఒక్కసారే. మళ్ల చెయ్యమనొద్దు" అన్నారు.

నేల మీద కూర్చుంటానంటే మైకు కిందికి దించాం. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మధ్యలో మూడుసార్లు "కరుణా" అన్నారు. అది స్క్రిప్టులో లేదు. దేవుణ్ణి కరుణించమని వేడుకుంటున్నారనుకున్నాను. బాగుందని ఉంచేశాను. బయటికొచ్చి ఆవిడ ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నారు. చూశాను, పలకరించలేదు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ రాలేదు.

సమాధి అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. అన్ని నెలలు కలిసి పనిచేసినా ఆ గడప తొక్కడం అదే మొదలు. గోడ మీద రెండు జడల పిల్ల ఫొటో ఉంది. నేను దాన్ని చూడటం పెద్దాయన గమనించారు.

"మా కరుణ" అన్నారు. "జ్వరంతోటి పోయింది. దేవుని దగ్గరికి పోయినోళ్ల కోసం శోకాలు పెట్టొద్దన్నరు మా చర్చి సంఘపోళ్లు. ఆమె నోరు మూసుకున్నది. ముప్పై ఏండ్లు మా ఇంట్ల ఆ పేరు తియ్యలే. మీ కాడ తీసిన అని నాతోటి చెప్పింది."

ఇప్పుడా సీరియల్ ప్రసారమవుతోంది. ఎవరింటి ముందు నుంచి వెళ్తున్నా, టీవీలో ఆ గొంతు వినపడుతుందేమోనని అడుగు తడబడుతుంది. ఆవిడకి ఏడ్చుకునే చోటు ఇచ్చానో, దాచుకున్నది లాక్కున్నానో తేల్చుకోలేకపోతున్నాను. ఎన్నో మాటలకు అర్థం అడిగాను. ఆ ఒక్కదానికి అడగలేదు.

ఆ రోజు పెద్దాయన ఆ శోకం వినిపించమన్నారు. ఫోన్‌లో పెట్టి ఇయర్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించాను. కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక, మళ్లీ పెట్టమని వేలితో సైగ చేశారు.

అప్పుడే గల్లీలో నీళ్లు వదిలారు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు కళ్లు మూసుకుని కూర్చున్న ఆయన్ని కిటికీలోంచి చూసి ఆగారు. ఒకామె నల్లా మూతికి గుడ్డ చుట్టి, దాని కొసను బిందె అడుగు దాకా జార్చింది. నీళ్లు చప్పుడు లేకుండా నిండుతున్నాయి.