వేట మొదలైన సోమవారం

ఎనభైల మొదట్లో మేము వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గుగనుల ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. నాకు ఉద్యోగం లేదు, పిల్లలింకా లేరు, ఉన్నదల్లా ఒక కుక్క. లేడి రంగు ఒళ్ళు, పొడుగు కాళ్ళు. మాటామంతీకి నాకు అదే దిక్కు.

అమెరికా వాళ్ళ థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన సోమవారం ఊళ్ళో బడి లేదు, కొట్లు తెరవలేదు.

"ఇవాళ కూడా హాలిడేనట. పేషెంట్లందరూ అపాయింట్‌మెంట్లు కాన్సిల్ చేసుకున్నారు" అన్నారు మా ఆయన బూట్లు తొడుక్కుంటూ.

ఏం పండగో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. పండగంటే మనకు పూజ, పిండివంటలు తప్ప ఇంకోటి తడుతుందా? గోధుమరంగు మంకీ క్యాప్ పెట్టుకుని, అదే రంగు శాలువా కప్పుకుని, కుక్కను కారెక్కించి కొండ మీదికి పోయాను.

ఆ కొండ పైన చెట్లు తక్కువ. నడుమెత్తు బ్లూబెర్రీ పొదలు, నాచు బండలు, కాలు పెడితే దిగబడే తడినేల, ఆగని గాలి. రోజూ ఇష్టంగా తిరిగే చోటే. కొంత దూరం పోయామో లేదో ఢామ్మని పేలింది. గనిలో మందు పేల్చారేమో అనుకున్నాను. రెండోది దగ్గర్లో పేలింది. ఎదుటి గట్టు మీద నారింజ రంగు చొక్కా వేసుకున్న మనిషి, చేతిలో తుపాకీ.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నా చిన్నప్పుడు మా శ్రీకాకుళం కొండల్లో పోలీసు కాల్పులు వినబడితే, మా అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసి "కిక్కురుమనకండర్రా" అనేది. తుపాకుల గురించి నాకు తెలిసింది అంతే. పైగా నేను ఒంటరి ఆడదాన్ని, పరాయి రంగుదాన్ని. పొదల మధ్య కూలబడి, కుక్కను ఒళ్ళోకి లాక్కుని, దాని మూతి రెండు చేతులా నొక్కి పట్టాను. అతని కంట పడకుండా ఉంటే చాలు దేవుడా అనుకున్నాను. అది గింజుకునే కొద్దీ నేను ఇంకా వంగాను. మా తలపైన పొదలు ఊగుతున్నాయన్న ధ్యాసే లేదు.

చివరికి మూతి విడిపించుకుని గట్టిగా మొరిగింది. ఇక అయిపోయామనుకుని కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి ఆ మనిషి తడినేలలో పడుతూ లేస్తూ మా వైపే పరిగెత్తుకొస్తున్నాడు. మా నాన్నకన్నా పెద్దవాడు. తుపాకీ నేలకు దించి ఉంది. వచ్చి మా ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇవాళ జింకల వేట మొదటి రోజనీ, ఊరంతా కొండల్లోనే ఉందనీ చెప్పాడు.

"నీ మీద గురి పెట్టేశాను. వేలు బిగించాను కూడా. జింక మొరగదు కదా" అన్నాడు.

ఆయన తుపాకీలోంచి తూటాలన్నీ తీసేశాడు. కోటు మీద వేసుకున్న తన నారింజ చొక్కా నాకు తొడిగి, అదే రంగు చెవుల టోపీ కుక్క తలకు కట్టాడు. ఆ రంగు కనిపిస్తే జింక కాదని తెలిసి ఎవరూ కాల్చరట. లోపల ఆయన కోటు కూడా గోధుమరంగే. మరి మీకో అన్నాను. రోడ్డు దాకా గట్టిగా పాడుతూ నడవమన్నాడు.

తను ఏదో చర్చి పాట ఎత్తుకున్నాడు. నాకు నోటికొచ్చింది మంగళహారతి. అదే పాడాను. చుట్టుపక్కల తుపాకీ పేలినప్పుడల్లా ఇద్దరం గొంతు పెంచాం.