సుగుణ దూకిన ఇసుక

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి తెనాలిలో సికింద్రాబాద్ రైలెక్కాను. గుంటూరు, నడికుడి, నల్లగొండ మీదుగా వెళ్ళే బండి. పెద్ద సంచిలో కెమెరా, రెండు లెన్సులు. చిన్న సంచిలో బట్టలు, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర. ముప్పై ఏళ్ళుగా పెళ్ళి ఫొటోలు తీసి బతుకుతున్నవాణ్ణి. ఆటల పోటీలు తీయడానికి ఊరు దాటడం ఇదే మొదలు.

నన్ను పిలిచింది సికింద్రాబాద్‌లో మా చెల్లెలు సుగుణ పనిచేసిన బడి హెడ్‌మిస్ట్రెస్. సుగుణ అక్కడ ఇరవై రెండేళ్ళు ఆటల టీచరుగా చేసింది. పోయిన వానాకాలం డెంగీ జ్వరం వచ్చి నాలుగో రోజుకే చనిపోయింది. ఆమె పేరు మీద ఆడపిల్లలకి పోటీలు పెడుతున్నామని, ఫొటోలు నన్నే తీయమని ఆవిడ ఫోన్ చేసింది. ఇదే మాట సుగుణ ఏటా అడిగేది. "ఒక్కసారి రా అన్నయ్యా, మా పిల్లలు ఎంత బాగా దూకుతారో చూద్దువుగాని" అనేది. వాళ్ళ స్పోర్ట్స్ డే ఎప్పుడూ పెళ్ళిళ్ళ రోజుల్లోనే వచ్చేది. నేను ఆ మాటే చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు.

సుగుణ ఇంటర్ చదివేటప్పుడు లాంగ్ జంప్‌లో జిల్లా మొదటి బహుమతి గెలిచింది. రాష్ట్ర పోటీలు హైదరాబాద్‌లో. నాన్న అప్పటికే లేరు. ఇంటికి పెద్దవాణ్ణని కాలేజీ లెక్చరర్ సంతకం కోసం నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆడపిల్ల నాలుగు రోజులు ఒక్కతే ఎక్కడుంటుందని కాగితం తిప్పి పంపేశాను. సుగుణ ఏడవలేదు, అడగలేదు. పెరట్లోకి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా, ఏడుకి కాస్త ముందు సికింద్రాబాద్ చేరింది. సుగుణ భర్త, మా బావ సామ్యూల్ స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. బేగంపేటలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు, అక్కణ్ణించి నేరుగా వచ్చాడు. ఇద్దరం సిటీ బస్సులో కాప్రా వెళ్ళాం. ఇంట్లో తనే అన్నం వండి చారు పెట్టాడు. ఇంగువ కోసం నాలుగు డబ్బాలు తెరిచి చూశాడు. "ఏది ఎక్కడ పెట్టేదో నాకు ఇప్పటికీ తెలీట్లేదు బావగారూ" అన్నాడు. ప్రార్థన చేసుకుని తిన్నాం. చారులో ఇంగువ పడలేదు.

శనివారం ఏడున్నరకల్లా గ్రౌండ్‌లో ఉన్నాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు, మధ్యలో ఎర్రమట్టి నేల, సున్నంతో గీసిన ట్రాక్. ముందు వంద మీటర్ల పరుగు, తర్వాత షాట్‌పుట్, హైజంప్. పెళ్ళిలో ఎవరైనా రెప్ప వాలిస్తే ఇంకోసారి నవ్వమంటాం. ఇక్కడ ఎవరూ మన కోసం ఆగరు. మొదటి గంటలో నేను తీసినవాటిలో సగం మసకగా వచ్చాయి, కొన్నింటిలో తలలే లేవు.

పదిన్నరకి లాంగ్ జంప్ మొదలైంది. పరుగు దారి పక్కగా, కాలు మోపి ఎగిరే తెల్లచెక్క దగ్గర నిలబడ్డాను. పిల్లలు నా ముందునుంచి రివ్వున పోతున్నారు, కెమెరాలో వీపులు పడుతున్నాయి. గుంతలో ఇసుక చదును చేస్తున్న ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి, చీర కొంగు నడుముకి చుట్టుకుంది.

"సార్, గీడ నిలవడితే ఏం రాదు. గుంత ఆ కొసకు పోయి జెర పక్కకు కూసో. పిల్ల మొకం నీ దిక్కే వస్తది. సుగుణ మేడం ఫోన్ల ఆడికెళ్ళే తీస్తుండె."

ఆమె పేరు యాదమ్మ, బడిలో ఆయా. చెప్పినట్టే వెళ్ళి గుంత చివర మోకాళ్ళ మీద కూర్చున్నాను. తర్వాత పరుగెత్తింది పావని అనే తొమ్మిదో తరగతి పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంది. దూరాన చిన్నగా కనబడింది, అంతలోనే చెక్క మీద కాలు పడిన చప్పుడు, అంతలోనే గాల్లో. చేతులు రెండూ ముందుకి చాచి, నోరు కొంచెం తెరిచి, నా మీదికే వస్తున్నట్టు వచ్చింది. ఇసుక లేచి నా లెన్సు మీద పడింది. జడ్జి తెల్లజెండా ఎత్తాడు. ఆ ఫొటో చక్కగా వచ్చింది. పోటీలో ఆ పిల్లే మొదటి స్థానంలో నిలిచింది.

మధ్యాహ్నం భోజనాల వేళ నా పులిహోర డబ్బా యాదమ్మ ముందు పెట్టాను. నీడలో కూర్చున్నాం. నేను సుగుణ అన్ననని ఆమెకి అప్పుడే చెప్పాను.

"పోనియ్యలేదంట గదా నువ్వు" అంది నన్ను తేరిపార చూసి.

"చెప్పిందా?"

"ఒక్కపారే చెప్పింది. తిట్టలే నిన్ను. పిల్లలు ఇండ్లకు పోయినంక మేడం తనే ఉరికి దుంకుతుండె, తెల్సా? నలభై దాటినంక సుత. నేను టేపు పట్టుకొస్తే వద్దంటుండె. దుంకి లేచి, జాడ జెరసేపు చూసి, చదును చెయ్యి యాదమ్మా అంటుండె. నేను చదును చేస్తుంటి."

చేతిలో ముద్ద కింద పెట్టేశాను. యాదమ్మ నీళ్ళ సీసా నా వైపు జరిపింది.

సాయంత్రం బహుమతులు అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ నన్ను పక్కకి పిలిచింది. పావని జిల్లా పోటీల్లో గెలిచి రాష్ట్ర పోటీలకి ఎంపికైందట, వరంగల్‌లో నాలుగు రోజులు. సోమవారంలోపు తండ్రి సంతకం కావాలి, ఆయన పెట్టడం లేదు. "సుగుణ ఉంటే ఇంటికెళ్ళి కూర్చునేదండీ. ఒప్పించేదాకా లేచేది కాదు. మేము వెళ్తే వినలేదు" అంది. నేను వెళ్తానన్నాను. ఎందుకన్నానో ఆలోచించుకోలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదికి బావా నేనూ సీతాఫల్‌మండి వెళ్ళాం. రెండు బళ్ళు ఎదురైతే కదలలేని సందు, అందులో రెండు గదుల ఇల్లు. పావని తండ్రి శ్రీనివాస్ ఆటో నడుపుతాడు. నెమ్మదస్తుడు. కుర్చీలు మాకిచ్చి తను గడప మీద కూర్చున్నాడు. కెమెరాలో ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు, వేలితో తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మేడం ఉంటే సోంచాయించకుంట పంపుతుంటి సార్. ఆమెనే తోల్కపోతుండె, ఆమెనే తోల్కొస్తుండె. ఇప్పుడు ఎవరి మొకం చూసి పంపాలె?"

వెంట ఒక టీచర్ వెళ్తుందని బావ చెప్పాడు. "ఆ మేడం ఎవరో నాకు తెల్వదు" అన్నాడు శ్రీనివాస్.

అప్పుడు నా సంగతి చెప్పాను. ఆ కాగితం, ఆ లెక్చరర్, పెరట్లో గిన్నెలు, అన్నీ. ఇంతవరకూ మా ఆవిడకి కూడా అంత వివరంగా చెప్పలేదు. బావ తల వంచుకుని విన్నాడు.

"మరి మీ చెల్లెను మీరెందుకు పంపలే?" అని అడిగాడు శ్రీనివాస్.

"భయపడ్డాను."

"నాది సుత గదే భయం సార్. మీరు చెప్పింది నిజమే. కానీ మీరు ఇయ్యాల రైలెక్కి పోతరు. పిల్లకేమన్న అయితే నేనే గదా ఉండేది."

టీ తాగాం. సంతకం పెట్టనని ఆయన నోటితో అనలేదు. మేము తెచ్చిన కాగితాన్ని సంతకం లేకుండానే నాలుగు మడతలు పెట్టి బావ చేతికిచ్చాడు, అంతే.

లోపలి గదిలోంచి అంతా విన్న పావని మమ్మల్ని సాగనంపడానికి సందు చివరిదాకా వచ్చింది. బావ ఆటో కోసం ముందుకెళ్ళాడు. ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"మీరు పోనియ్యకపోతే మేడంకు కోపం రాలేదా సార్?"

"తెలీదమ్మా. నేనెప్పుడూ అడగలేదు."

"నాకైతే వచ్చింది సార్" అంది. కళ్ళు తుడుచుకోలేదు. ఫొటో పెద్దది చేసి పంపుతానన్నాను. తలూపి ఇంటివైపు నడిచింది.

ఒంటిగంటకి తిరుగు రైలు. స్టేషన్‌లో బావ అరటిపళ్ళు కొనిచ్చాడు. "ఆ హైదరాబాద్ పోటీల సంగతి సుగుణ నాకు చెప్పనేలేదు బావగారూ" అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. బండి కదిలేదాకా కిటికీ కడ్డీ పట్టుకునే ఉన్నాడు.

నల్లగొండ దాటాక కెమెరా తీసి ఫొటోలు చూసుకున్నాను. ఆరువందల పైచిలుకు. మసకవి తీసేస్తే నూటపది మిగిలాయి. సికింద్రాబాద్ ఎలా ఉందని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు చార్మినార్ లేదు, ట్యాంక్‌బండ్ లేదు. ఒక ఎర్రమట్టి గ్రౌండూ, ఒక ఇసుక గుంతా చూసి వచ్చాను. అవి ఆరుగంటల దూరంలోనే ఉన్నాయి, ఇన్నేళ్ళూ.

పక్క సీట్లో గుంటూరు వెళ్తున్న ఒక పెద్దావిడ తొంగి చూసింది. పావని గాల్లో ఉన్న ఫొటో దగ్గర "మీ అమ్మాయా అండీ?" అంది.

"కాదండీ. మా చెల్లెలి దగ్గర నేర్చుకున్న పిల్ల. చెల్లెలు కూడా దూకేది."

"అట్లాగా. ఆవిడ ఫొటో ఏది, చూపించండి."

"లేదండీ" అన్నాను. "తను దూకుతుంటే నేనెప్పుడూ చూడలేదు."