గిర్ ఆవు మీద సుద్ద సున్నాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ లేదు. ఇప్పుడు చాలా ఉన్నాయి, ఏటేటా పెరుగుతున్నాయి కూడా. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, సూరత్ సలాబత్‌పురాలో ఒక బట్టల గోదాములో చెకింగ్ పని. సాంచల మీంచి దిగిన బట్ట థాన్లు (మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు) ట్యూబులైట్ల కింద పరుచుకుంటూ పోతుంటే, పోగు తెగిన చోట, నూనె మరక పడ్డ చోట, నేత పలచబడ్డ చోట సుద్దముక్కతో సున్నా చుట్టడం నా ఉద్యోగం. సున్నా పడ్డ బట్టకు ధర తగ్గుతుంది. అందుకని సాంచల యజమానులు నన్ను చూడగానే ముందు చాయ్ తాగించి, ఆ తర్వాతే థాను విప్పేవారు. ఆ సుద్దముక్క ఎప్పుడూ నా చెవి మీదే ఉండేది. పెళ్లిళ్లకు పోయినా తీసేవాణ్ణి కాదు. అది ఉంటే మనిషికి ఒక హోదా ఉంటుందని నా గట్టి నమ్మకం.

మా అమ్మకు వరసకు అన్న ఒకాయన, సూరత్‌లో మా తెలుగువాళ్లుండే లింబాయత్‌లో ఎనిమిది సాంచలు నడిపేవాడు. ఆయన్ని అందరూ ఎనిమిది సాంచల మామ అనేవారు. ఆయన బిడ్డను నాకు చేసుకుందామని మా ఇంట్లో మాట నడుస్తోంది. మామ ఊ అనలేదు, ఊహూ అనలేదు. (ఆయన థాన్ల మీద నేను చుట్టిన సున్నాలు ఇంకా ఆయన కళ్ల ముందే ఉన్నాయని తర్వాత తెలిసింది.) సరిగ్గా ఆ సమయంలోనే మామ ఊరి బయట కడోదర వైపు కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి ముందుగా ఆవు లోపలికి నడవాలి కదా. మా లింబాయత్‌లో అందుకోసం కిరాయికి వచ్చే ఆవు ఒకటుండేది. అది ఎన్ని ఇళ్లు తొక్కిందంటే, పంతులు మంత్రం ఎత్తుకోకముందే గడప దాటి, అరటిపండు తిని, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయేది. మామకు అది నచ్చలేదు. "కిరాయి ఆవు నా ఇంట్ల అడుగు పెట్టద్దు. నా ఆవే నా ఇంట్లకు రావాలె," అన్నాడు. రింగ్ రోడ్డులో బట్ట కొనే సేఠ్ ఒకాయన, మంచి ఆవు కావాలంటే కాఠియావాడ్ పొమ్మనీ, గిర్ అడవి అంచున రాజుల కాలం నుంచీ ఆవులనే నమ్ముకుని బతికే వాళ్లున్నారనీ చెప్పాడు.

ఇక ఆవును చూసే మనిషి కావాలి. నేను ఊరుకుంటానా. "రంది పడకు మామా, మాది జగిత్యాల దిక్కు పల్లె. ఆవుల నడుమ పుట్టి పెరిగిన. నేను చూస్త," అన్నాను. పుట్టిన మాట నిజమే. నాలుగో ఏట సూరత్ వచ్చాం. పెరిగింది మాత్రం లింబాయత్ సందుల్లో షేర్ ఆటోలకు అడ్డం నిలబడి ప్లాస్టిక్ సంచులు నమిలే ఆవుల నడుమ. మామ నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశాడు. "సరే పిలగా. ఆవును నువ్వు చూడు, నిన్ను నేను చూస్త," అన్నాడు. అంటే ఆవు పని ఎలా తేలితే నా పెళ్లి పని అలా తేలుతుందన్నమాట. నాకు చచ్చేంత సంతోషమైంది.

తెల్లవారకముందే వ్యాను తీసుకుని బయలుదేరాం. నేను నడపడం, పక్కన మామ, వెనక అత్త, ఆమె పక్కన పులిహోర గిన్నె పట్టుకుని వాళ్ల బిడ్డ. భరూచ్ దాటిన దగ్గర్నుంచి అమ్రేలి దాకా నేను ఆవుల గురించి నోరు మూయలేదు. కన్ను చూసి పాలు చెప్పొచ్చన్నాను, నడక చూసి గుణం చెప్పొచ్చన్నాను. అత్త అమాయకంగా, "ఆవు ఎన్ని నెలలు మోస్తది బిడ్డా?" అని అడిగింది. నేను ఏమాత్రం తడబడకుండా, "అది జాతిని బట్టి ఉంటది అత్తా," అన్నాను. అద్దంలో చూస్తే పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగింది. సిగ్గనుకున్నాను.

పొద్దు తిరిగేసరికి చుట్టూ ముళ్లకంప నాటిన ఒక గూడేనికి చేరాం. నాలుగైదు మట్టి ఇళ్లు, వాటికంటే పెద్ద పశువుల దొడ్డి. నల్ల బట్టలు, చేతుల నిండా వెండి కడియాలు వేసుకున్న ఒక ముసలమ్మ మాకు ఇత్తడి గిన్నెలో పాలు పోసి, తాను పెంచిన ఆవును బయటికి పిలిచింది. తాడు పట్టి లాగలేదు, పేరు పెట్టి పిలిస్తే అదే వచ్చింది. మామ ఆ ఆవును చూసి చేతులు జోడించాడు. నేను మాత్రం చొక్కా చేతులు మడిచాను.

చెకింగ్ చేసే చేతికి అలవాటు ఒక్కటే, మాల్ కనబడితే తప్పు వెతకడం. నుదురు చూశాను, బోర్లించిన కుండలా ఉబ్బి ఉంది. వాపు అనుకున్నాను. చెవి మీది సుద్ద ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు, నుదుటి మీద సున్నా చుట్టాను. కొమ్ములు ముందుకు రావాల్సింది వెనక్కి తిరిగి ఉన్నాయి. వాటి మొదళ్ల దగ్గర ఒక సున్నా. చెవులు మూరెడు పొడవు, చివర మడత. వేళ్ల మధ్య పెట్టి బట్టను చూసినట్టు నలిపి చూసి, అక్కడొకటి. ఒళ్లంతా ఎర్రటి రంగు, దాని మీద తెల్ల మచ్చలు. రంగు సమంగా పట్టలేదని పక్కటెముకల మీద పెద్దది చుట్టాను. ఆవు పాపం నిలబడింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

మామ ముఖం మాడిపోయింది. ముప్పై ఏళ్లు సుద్ద సున్నాలకు భయపడి బతికిన మనిషి. "ఏంది పిలగా, గిన్ని ఐబులా?" అన్నాడు.

"నాలుగు పెద్దయి మామా. చిన్నయి నేను లెక్కల పట్టలే."

"అయితే వద్దు. నడువుండ్రి, పోదాం."

ముసలమ్మ ఆ సున్నాలను చూసింది, మమ్మల్ని చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పుడు మామ బిడ్డ ముందుకు వచ్చి, బడిలో నేర్చిన గుజరాతీలో, మా దగ్గర బట్టలో తప్పున్న చోట ఇలా గీస్తారనీ, బావ మీ ఆవును కూడా బట్టే అనుకున్నాడనీ చెప్పింది. ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆవు దగ్గరికి వెళ్లి ఒక్కొక్క సున్నా మీదా చెయ్యి పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఇలాంటి నుదురు లేనిది గిర్ ఆవే కాదట. కొమ్ము ఇలా వెనక్కి తిరగాలట. చెవి ఇలా ఆకులా వేలాడి చివర మడత పడాలట. ఈ మచ్చల కోసం వాళ్ల తాతల కాలంలో రాజులు మనుషుల్ని పంపించేవారట. "ఈ పిల్లవాడు మంచివన్నీ వెతికి వెతికి గీశాడు. ఒక్కటి కూడా వదల్లేదు," అన్నది.

అత్త నవ్వు ఆపుకోలేక వ్యాను వెనక్కి వెళ్లిపోయింది. పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. "బావా, నిజం చెప్పు. ఆవును ఎప్పుడన్న దగ్గరికెంచి చూసినవా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. మామ నన్నే చూస్తున్నాడు. కానీ ఆ ముసలమ్మ చెయ్యి ఇంకా ఆవు నుదుటి మీదే ఉంది. "చూసిన," అన్నాను. "లింబాయత్‌ల, ఆటోల నుంచి."

నేను తొట్టిలో నీళ్లు ముంచుకుని, కొత్త రుమాలు తడిపి, ఆ సున్నాలన్నీ తుడిచాను. నుదుటి మీదిది మాత్రం పూర్తిగా పోలేదు. తుడుస్తున్నంతసేపూ ఆ ఆవు నా జుట్టు నాకుతూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముసలమ్మ చివరికి ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. తాడు ఈ పిల్ల చేతికే ఇస్తుందట, ఆ పిల్లవాడి చేతికి ఇవ్వదట. పిల్ల తాడు అందుకుంది. రెండో చెయ్యి చాచి నా వేళ్ల మధ్యనున్న సుద్దముక్క కూడా లాక్కుంది. "గిది ఇగ నా దగ్గరుంటది," అన్నది.

కాగితాలు రాయించుకుని, ఒక చిన్న టెంపో మాట్లాడుకున్నాం. వ్యాను మామ నడిపాడు. నన్ను టెంపోలో ఆవు పక్కన నిలబెట్టాడు. "ఆవుల నడుమ పెరిగినోనివి గద. మంచిగ చూసుకో," అన్నాడు. సూరత్ దాకా నిలబడే వచ్చాను. దారిలో చాయ్ కోసం ఆగినప్పుడు పిల్ల పులిహోర తెచ్చిచ్చి, "ఆవు తొమ్మిది నెలలు దాటి మోస్తది బావా. అన్ని జాతులు గంతే," అని చెప్పి వెళ్లిపోయింది. పెళ్లి కుదిరిందని నాకు అప్పుడే తెలిసింది.

మామ గృహప్రవేశం ఫోటో ఇప్పుడు మా ఇంట్లో గోడ మీదుంది. గడప దాటుతున్న ఆవు, దాని నుదుటి మీద పసుపు కింద లీలగా కనిపించే నా సున్నా, వెనక ఛాతీ విరుచుకుని నిలబడ్డ నేను. ఏదో ఆ ఆవును నేనే తయారు చేసినట్టు నిలబడ్డాను. సుద్దముక్క ఇంకా మా ఆవిడ పోపుల డబ్బా పక్కనే ఉంటుంది. పప్పులో ఉప్పు తక్కువైందని నేను నోరు తెరిస్తే చాలు, దాన్ని తెచ్చి నా కంచం పక్కన పెడుతుంది. మొన్న గోదాము నుంచి వచ్చి చూస్తే, ఫోటో అద్దం మీద సరిగ్గా నా ముఖం చుట్టూ తడి సుద్దతో సున్నా చుట్టి ఉంది. "గిది ఐబని గీసినవా, మంచిదని గీసినవా?" అని అడిగాను. "నాకెర్కలే బావా. ముసలమ్మ ఉంటే అడుగుదుము," అని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ ఫోటోలోని కుర్రవాణ్ణి చాలాసేపు చూశాను. అద్దం మాత్రం తుడవలేదు.