పోచయ్య పద్మవ్యూహం

చిందు పోచయ్య ఆటలో ఎవరూ చచ్చేవారు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఇదొక్కటే. మిగతా అన్ని విధాలా మంచి భాగోతగాడు. గొంతెత్తితే మూడు వాడలకు వినిపించేది, గజ్జె కట్టి చిందు తొక్కితే ముసలాళ్ల కాళ్లు కూడా ఊరుకునేవి కావు. కానీ కథలో ఎవరికైనా చావు దగ్గరపడిందంటే చాలు, అక్కడికక్కడ పదం కట్టి, అడుగు మార్చి, ఆ మనిషిని గండం గట్టెక్కించేవాడు.

హిరణ్యకశిపుడి పొట్ట చీల్చవలసిన నరసింహుడు, పోచయ్య చేతిలో పడేసరికి, గోళ్లు తీయించుకొస్తానని చిట్యాల సంతకు వెళ్లాడు. మళ్లీ రాలేదు. కీచకుడికి సరిగ్గా భీముడు వచ్చే వేళకు కడుపునొప్పి పట్టుకుని, అచ్చంపేటలో ఆకుపసరు వైద్యానికి ఉండిపోయాడు. రావణాసురుడైతే తానే బండి కట్టించి, చీరె సారె పెట్టి, సీతమ్మను సాగనంపాడు.

ఈ తిరుగుళ్లన్నిటికీ తాళం వేసి వంత పాడవలసిన ఇల్లాలు బాలనర్సమ్మ. కథ ఎటు పోతుందో పాడేవాడికే తెలియకపోతే వంత పాడేదాని గతేమిటి? పాపం, ఆట సాగినంతసేపూ మొగుడి పెదవుల వంకే రెప్పవాల్చకుండా చూసేది. మద్దెల వాయించే మరిది గుర్వయ్య దరువు మధ్యలో వంగి గుసగుసగా అడిగేవాడు.

"వదినా, మనం ఏ కథల ఉన్నం?"

"నాకేం ఎరుకయ్యా? ఇందాకటి దాక లంకల ఉంటిమి. ఇప్పుడు నకిరేకల్లు బాటల ఉన్నం. కొట్టు!"

ఇంటికి వచ్చాక మొగుణ్ణి దులిపేసేది. "సావు పదాలు రావని ఒప్పుకోరాదా?"

"రాక గాదే. బుద్ధి పుడ్తలేదు" అనేవాడు పోచయ్య, గజ్జెలు విప్పుకుంటూ.

రజాకార్ల కాలంలో ఆ గజ్జెల మూట విప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పోలీసు యాక్షన్ జరిగి, నిజాం రాజ్యం పోయిన తర్వాతి ఎండాకాలంలో, చిట్యాల దగ్గర తమ హక్కు ఊరికి మళ్లీ ఆటకు వెళ్లారు. తాత తండ్రుల నాటి నుంచి ఆ ఊళ్లో ఆడే హక్కు వీళ్లదే. ఏడాది గింజలు అక్కడి నుంచే రావాలి. అప్పటికీ కమ్యూనిస్టు దళాల్లోకి పోయిన పిల్లల కోసం మిలిటరీ లారీలు ఊళ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. అందుకని రాత్రి ఆట కుదరదు, దీపాల వేళకల్లా ముగించాలన్నారు.

ఊరి పెద్దరైతు భీమయ్య ఇంకో షరతు పెట్టాడు.

"పోచయ్యా, నీ పుణ్యాన సంతల తలెత్తుకోలేకపోతున్న. మీ కీచకునికి కడుపునొప్పి తగ్గిందా అని పక్కూరోళ్లు అడుగుతున్రు. ఈసారి అభిమన్యుడు సావాలె. దీపాల యాళ్లకు సావాలె. సావకపోతే ఈ ఊరు ఇంకో మేళానికి ఇచ్చేస్తం."

బాలనర్సమ్మ మొగుడి చేయి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టెయ్యి. అభిమన్యుణ్ణి సంపుతా అను."

"సంపుత" అన్నాడు పోచయ్య.

ఆ పూటంతా గుర్వయ్య అన్నకు చావడం నేర్పాడు. పోచయ్య పడిపోయేవాడు, కాసేపు కదలకుండా ఉండేవాడు, మెల్లగా ఒక కన్ను తెరిచి, "తమ్మీ, జర మంచినీళ్లియ్యరా" అనేవాడు.

"సచ్చినోనికి దప్పికేందే!" అని గుర్వయ్య నెత్తి కొట్టుకునేవాడు.

పొద్దు వాలింది. పోచయ్య నేల మీద ముగ్గుతో చుట్లు చుట్లుగా పద్మవ్యూహం గీసి, అందులోకి దిగాడు. పడుచు అభిమన్యుడికి నెరిసిన మీసం, నడుముపట్టీ మీదుగా పొంగిన బొజ్జ ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కొక్క చుట్టూ తొక్కుకుంటూ నడిమధ్యకు చేరాడు. గుర్వయ్య మద్దెల పక్కన పెట్టి, ద్రోణుడి కిరీటం తగిలించుకుని, విల్లు ఎక్కుపెట్టాడు. ఇక పడిపోవడమే తరువాయి. భీమయ్య తృప్తిగా ముందుకు జరిగి కూర్చున్నాడు.

గజ్జెలు ఆగిపోయాయి.

బాలనర్సమ్మ అలవాటుగా మొగుడి పెదవులు చూసింది. అవి కదలడం లేదు. అప్పుడు ఆయన కళ్లు చూసింది. అవి ముందు వరుసలో కూర్చున్న గోవిందమ్మ మీద ఉన్నాయి. గోవిందమ్మకు ఒక్కడే కొడుకు, లింగయ్య. చలికాలంలో మిలిటరీ వాళ్లు లారీ ఎక్కించుకుపోయారు. బతికున్నాడో లేదో చెప్పే నాథుడు లేడు.

కీచకుడు బతికిన ఏడు ఆ చోట మొగుడు పోయిన నాగులమ్మ కూర్చుని ఉండేదని బాలనర్సమ్మకు చప్పున గుర్తొచ్చింది. రావణుడు బతికిన ఏడు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న హమీద్. ఇన్నేళ్లూ ఆయన పెదవులే చూసింది గాని, ఆయన ఎవరిని చూసి కథ మారుస్తున్నాడో చూడనే లేదు. తన మీద తనకే కోపం వచ్చింది. మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ వచ్చింది.

పోచయ్య చిందు వేస్తున్నట్టే పెళ్లాం దగ్గరికి వచ్చాడు. "నర్సీ, గా తల్లి ముంగట కొడుకును ఎట్ల సంపుదునే?"

"నా మీద ఒట్టేస్తివి గదయ్యా!"

"నా ఆటల ఎవలన్న సచ్చిన్రా, నువ్వు సచ్చేటందుకు?"

ఊరు పోతే పోనీ అనుకుంది బాలనర్సమ్మ. జన్మలో మొదటిసారి మొగుడి కంటే ముందు తానే పదం ఎత్తుకుంది. "సందు జూడు కొడుకా, సందు జూడు! ఏ దిక్కున్నదో సందు జూడు!"

"వదినా, ఏ కథల ఉన్నం?" అన్నాడు గుర్వయ్య, ఎక్కుపెట్టిన విల్లు దించలేక.

"గీ ఊర్లనే ఉన్నం. కానియ్యి!"

"పోచయ్యా!" అని భీమయ్య లేచాడు. ఆయన రెండో మాట అనేలోపు గోవిందమ్మ లేచింది. తిన్నగా వచ్చి, పద్మవ్యూహం ముగ్గును కాలితో చెరిపేసింది.

"గిటు రా బిడ్డా. గిటు మా పెరడుంది. రజాకార్లు ఊరు సుట్టుముట్టిన నాడు మా లింగయ్యను గిట్లనే దాటిచ్చిన."

అంతే, ఊరంతా లేచింది. "గడ్డివాము ఎనుకకెళ్లి పోనియ్యి!" అని ఒకరు, "కిరీటం తీసెయ్యి, మెరుస్తాంది!" అని ఇంకొకరు. పోచయ్య కిరీటం తీసేసి, బొజ్జ పట్టుకుని, చిందు తొక్కుతూనే జనంలోకి దూరాడు. ద్రోణుడు వెంటపడి, దారి తప్పి, భీమయ్య ముందు ఆగాడు.

"పటేలా, పిలగాడు ఇటొచ్చిండా?"

ఆనాడు రజాకార్లు భీమయ్య గుండెకు తుపాకి ఆనించి అడిగిందీ ఇదే మాట.

"రాలే" అన్నాడు భీమయ్య. "మా ఊర్ల పిలగాండ్లే లేరు."

ఆయన వీపు వెనుక దాక్కున్న అభిమన్యుడి బొజ్జ అటూ ఇటూ కనిపిస్తూనే ఉంది. జనం విరగబడి నవ్వారు. గోవిందమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా పిలగాడు గూడ తప్పించుకొని యాడనో దాక్కునే ఉంటడు, వస్తడు" అంది పక్కనున్న వాళ్లతో. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

దీపాలు వెలిగాయి. భీమయ్య వస్తుంటే బాలనర్సమ్మ భయంభయంగా కొంగు సర్దుకుంది.

"మాట తప్పినవు పోచయ్యా."

"తప్పిన పటేలా."

"అచ్చే ఏడు గూడ నువ్వే రావాలె. గని, వాకిట్ల అడ్డం నిలవడ్డ గా సైంధవుడున్నడు సూడు, వాన్నన్న సంపుతవా లేదా?"

పోచయ్య గజ్జెలు విప్పి మూట కట్టాడు.

"సూద్దాం పటేలా. ఆనికి గూడ తల్లి ఉంటది గద."