"ఏమైనా ఉంటే" మాఫ్ చెయ్యండి

నా చిన్నప్పుడు మా పెదనాన్న రోజుకి పదిసార్లు తౌబా చేసేవాడు... తౌబా అంటే చేసిన తప్పుకి కుమిలిపోయి, ఇంకెప్పుడూ చెయ్యనని అల్లాని క్షమాపణ అడగడం. మా పెదనాన్న తౌబాకి అంత శ్రమ ఉండేది కాదు. ఆవలింత వచ్చినా, కూలీలని బూతులు తిట్టినా, రెండు చెంపలూ టపటపా తట్టుకుని "తౌబా తౌబా" అనేసేవాడు. అక్కడితో పని అయిపోయేది.

మేం నూజివీడు పక్కన దూదేకుల వాళ్ళం. ఇంట్లో ఎవరికీ ఉర్దూ సరిగ్గా రాదు... దువాలు అరబీలో, తిట్లు తెలుగులో. పెదనాన్న మామిడి తోటలు గుత్తకి తీసుకునేవాడు. వేసవి సెలవులన్నీ నాకు తోటలో పాక దగ్గరే గడిచేవి.

ఒక ఏడాది ఎవరో పెద్దమనిషికి పంపాలని చిన్న రసాలు ఏరి, పాకలో గడ్డిలో మాగవేశాడు. ఆ వాసన... అబ్బ! ఒక మధ్యాహ్నం అందరూ కోతలో ఉండగా నేను ఆరు పళ్ళు తినేశాను. టెంకలు కూడా పాతిపెట్టాను. తొమ్మిదేళ్ళకే అంత తెలివి!

సాయంత్రం పళ్ళు తగ్గాయని పెదనాన్న శివాలెత్తిపోయాడు. పాకలో కాయలు ఏరే కోటమ్మ మీద పడ్డాడు. కూలీలందరి ముందు ఆమె క్యారేజీ తెరిపించాడు, కొంగు దులిపించాడు. ఏమీ దొరకలేదు. అయినా "దొంగముండా, రేపట్నుంచి రాకు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. దొంగ అన్న పేరు తోటలన్నీ తిరిగింది. ఆ సీజనంతా కోటమ్మని ఎవరూ పనికి పిలవలేదు.

మర్నాటికి నా మూతి చుట్టూ పొక్కులు లేచాయి. ముచ్చిక దగ్గర సొన తగిలితే అంతే మరి... నాయనమ్మ చూడగానే పట్టేసింది.

"ఏమే, ఆ పళ్ళు తిన్నది నువ్వేనా?"

"తౌబా చేసేశాను నాయనమ్మా," అన్నాను చెంపలు తట్టుకుంటూ. పెదనాన్న దగ్గర నేర్చిన విద్యే!

"అల్లాకి చేసిన తప్పు అల్లా మాఫ్ చేస్తాడే. ఆయన దయకేం కొదవలేదు. కోటమ్మకి చేసింది మాత్రం కోటమ్మే మాఫ్ చెయ్యాలి. ఆ పెత్తనం ఆయన తీసుకోడు," అంది.

సంగతి పెదనాన్నకీ చెప్పింది. ఇద్దరినీ వెళ్ళి రమ్మంది.

"కూలిమనిషి గుమ్మంలోకెళ్ళి తప్పయిందని చెప్పాలా? నలుగురూ నవ్విపోరూ?" అన్నాడాయన.

ఆ శుక్రవారం మసీదులో మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడట. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకున్నారు. పెద్దవాడే వెళ్ళనప్పుడు నాకేంటిలే అని నేనూ వెళ్ళలేదు.

రెండేళ్ళ తర్వాత పెదనాన్న హజ్‌కి బయల్దేరాడు. వెళ్ళేముందు అందరినీ కలిసి తప్పులుంటే మాఫ్ చెయ్యమని అడగడం మాలో ఆచారం. మెడలో గులాబీల దండ, కారు వెనక జనం... దాని ముందు పెళ్ళి ఊరేగింపు ఎందుకూ పనికిరాదు. డాక్టరు గారింటికి వెళ్ళాడు. సర్పంచ్ గారింటికి వెళ్ళాడు. ఎవరికి తప్పు చేసే ధైర్యం ఆయనకి జన్మలో లేదో, సరిగ్గా వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాడు! నాయనమ్మ అన్నం మానేసి కూర్చుంటే, ఆఖరికి కోటమ్మ ఇంటి ముందు కారు ఆపించాడు. దిగలేదు. అద్దం దించాడు. నేను వెనక సీట్లో ఉన్నాను.

"కోటమ్మా, హజ్‌కి వెళ్తున్నా. నా వల్ల ఏమైనా తప్పులుంటే మాఫ్ చెయ్యి."

బియ్యం చెరుగుతున్న కోటమ్మ చేట పక్కన పెట్టి కారు దగ్గరికి వచ్చింది.

"ఏమైనా ఏంటండీ సాయిబు గారూ? ఫలానాదని చెప్పండి, మాఫ్ చేస్తాను."

"ఎప్పటివో ఇప్పుడెందుకు తవ్వడం..."

"నేను తవ్వలేదండీ. కారు ఆపింది మీరే కదా? 'నువ్వు దొంగవి కాదు కోటమ్మా' అనండి. ఈ నలుగురూ వినేలాగా. నాకదే చాలు."

పెదనాన్న దండలో రేకులు రెండు తుంపాడు. తర్వాత అద్దం పైకెత్తాడు.

"క్షేమంగా వెళ్ళి రండి," అని కోటమ్మ పక్కకి జరిగింది. మాఫ్ చేశానని మాత్రం అనలేదు.

హాజీ గారై తిరిగొచ్చాడు. మక్కా నుంచి తెచ్చిన జమ్ జమ్ నీళ్ళు ఊరంతా పంచాడు. ఆ ఒక్క మాట మాత్రం చచ్చేదాకా అనలేదు.

ఇప్పుడు కారూ దండా కూడా అక్కర్లేదు... రంజాన్ నెల దగ్గర పడితే చాలు, మెరిసే నెలవంక బొమ్మ మీద "తెలిసో తెలియకో ఏమైనా తప్పు చేసి ఉంటే క్షమించండి" అని వాట్సాప్‌లో అందరికీ ఒకటే నొక్కు. ప్లంబరుకీ అదే, కన్నతల్లికీ అదే. చీ! తెలియక ఏంటి నాయనా? మనం చేసినవి మనకి శుభ్రంగా తెలుసు.

నేనూ ఏటా పంపుతున్నాను. పెదనాన్నని ఇంత తిట్టాను గానీ, ఆయన కనీసం ఆ గుమ్మం దాకా వెళ్ళాడు. నేను ముప్ఫై ఏళ్ళుగా అల్లా దయ చాటున దాక్కున్నాను.

కోటమ్మ ఇప్పుడు మైలవరంలో కూతురి దగ్గర ఉంటోంది. చూపు తగ్గిందట. ఫోన్ లేదు. మా ఊరి నుంచి బస్సులో గంట.

మీకూ ఇలాంటివి ఉంటే దయచేసి కింద కామెంట్లలో రాయకండి. వెళ్ళి ఆ మనిషికే చెప్పండి. ఈ పోస్టు రాయడానికి నాకు రెండు గంటలు పట్టింది... మైలవరం వెళ్ళి రావడానికీ అంతే పడుతుంది.