ఖాళీ పళ్లెం సీను

అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి వాళ్ల వంటింట్లో సినిమా తీశారు. తీసినావిడ స్వీడన్ దేశపు నటి. నలభై ఏళ్లు నటించి, మొదటిసారి డైరెక్షన్ చేస్తోంది. ముఖ్య వేషమూ తనదే. వంట నాది.

నేను ఈ మధ్యే లైబ్రరీ క్లాసులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నానని తెలిసి, చదువుకోమని తన వేషాల జాబితా పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. వేలు పెట్టుకుని చదివాను. పనిమనిషి. నర్సు. శవం. మళ్లీ నర్సు. రాణి. రాణి తల్లి.

రాణి నుంచి రాణి తల్లి కావడానికి ఎన్నేళ్లు పట్టిందో అమ్మాయి చేత అడిగించాను.

"మూడు," అందావిడ. "నాలుగో ఏడు ఫోనే మోగలేదు. అందుకే నా వేషం నేనే రాసుకున్నాను."

ఆ వేషం, భర్త పోయాక ఒక తెలుగువాళ్లింట్లో గది అద్దెకు తీసుకున్న పెద్దావిడది. చాలా నెలలకు మొదటిసారి అన్నం మొత్తం తింటుంది. ఆ ఖాళీ పళ్లెం కెమెరాకు కనబడాలి. అదే ఆఖరి సీను. కిటికీలో ఎండ నాలుగింటి దాకానే. మర్నాడు కెమెరా వాళ్లు వెళ్లిపోతారు.

తింటున్నట్టు నటించడం కుదరదు, నిజంగానే తింటానంది. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి వేసి పళ్లెం నిండా పెట్టాను. చివరి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, నా గరిటె వెళ్లి పప్పు వేసేసింది.

"అమ్మా! షాట్ మధ్యలో సర్వ్ చేస్తావేంటి?"

"పళ్లెం ఖాళీ అయింది కదే."

"ఖాళీ అవ్వడమే సీన్, అమ్మా!"

మళ్లీ నిండు పళ్లెం. ఈసారి గరిటె అమ్మాయి లాక్కుంది. చివరి దాకా నోరు మూసుకునే ఉన్నాను. ఆవిడ లేవబోతుంటే, "పెరుగన్నం తినకుండా లేస్తే ఎలాగమ్మా?" అనేశాను.

మూడోసారి ఆవిడ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. కారమైందేమోనని నెయ్యి గిన్నెతో లేచాను.

"ప్లీజ్, మీ మదర్‌ని..." అన్నాడు కెమెరా అతను.

నన్ను గరాజ్‌లోకి పంపేశారు. షాట్ చూసుకునే టీవీ అక్కడే ఉంది. ఎండ గోడ అంచుకు చేరింది. ఆవిడ స్కర్టు హుక్కు సడలించుకుని నాలుగో పళ్లెం ముందు కూర్చుంది. నా చేతి అలవాటు వల్ల ఒక మనిషి మొదటి సినిమా ఆగిపోతుందేమోనని టీవీకి అతుక్కుపోయాను.

మెల్లగా తింది. పళ్లెం తుడిచినట్టయింది. పక్కన వడ్డించేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఉలిక్కిపడి, రెండు చేతులూ పళ్లేనికి అడ్డం పెట్టి, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది. కాసేపలాగే ఉండి, ఒక్కో చెయ్యీ తీసింది. ఖాళీ పళ్లెం. ఎండ పోయింది.

కెమెరా అతను ముక్కు చీదుకుంటూ ఆవిడతో, అమ్మాయితో గరాజ్‌లోకి వచ్చాడు. చేతులు అడ్డం పెట్టడం స్క్రిప్టులో లేదట. "ఆ కుర్చీలో చనిపోయిన హస్బెండ్‌ని ఊహించుకున్నారా?" అనడిగాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపి ఏదో అంది. అమ్మాయి నాకు తెలుగులో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ వేలు నా వైపే ఉంది.