జరీలో చిక్కుకున్న గసగసాలు

ఫిల్మ్ నగర్‌లో మా ప్రొడక్షన్ ఆఫీసు వెనకాల ఒక రేకుల గది ఉంది. కాస్ట్యూమ్స్ అన్నీ అక్కడే ఉంటాయి. ఈ సంగతి జరిగేనాటికి నేను అందులో అసిస్టెంటుగా చేరి ఏడేళ్లు. నాకు పని నేర్పింది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. వయసు అరవై దాటింది. ఆదివారం పొద్దున చర్చికి పోయి, అక్కడి నుంచి నేరుగా సెట్‌కి వచ్చే మనిషి. యూనిట్ మొత్తం ఆమెను అమ్మా అనే పిలిచేది. నేనూ అంతే. నేను కుట్టిన అంచు వంకరపోతే తిట్టేది కాదు. దారం విప్పి, బట్ట మళ్లీ నా ఒళ్లో పెట్టేది.

ఒక పాట కోసం పది రోజులు గల్ఫ్ వెళ్లాల్సి వచ్చింది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు మా మేనేజరు నా ఫోన్‌కి ఒక జాబితా పంపాడు. ఆ దేశంలోకి తీసుకెళ్లకూడని వస్తువులవి. "మీ గదిలో అందరికీ చదివి వినిపించమ్మా, అక్కడ రూల్స్ చాలా గట్టిగా ఉంటాయి" అన్నాడు. జాబితా ఇంగ్లీషులో ఉంది. ఒక చేత్తో ఇస్త్రీ చేస్తూ, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని చదివేశాను. డాక్టరు చీటీ లేకుండా నొప్పి మాత్రలు వద్దు. ఈ-సిగరెట్లు వద్దు. పాపీ సీడ్స్ వద్దు.

"అదేంటే?" అంది పెద్దావిడ, బ్లౌజుకి హుక్కు కుడుతూ.

"ఏవో విత్తనాలంటమ్మా. మనమేం మొక్కలు పెట్టనీకి పోతలేం కదా" అని తరవాతి లైనుకి వెళ్లిపోయాను.

విదేశాల్లో షూటింగ్ ఉన్నప్పుడల్లా ఆమెకొక అలవాటు ఉంది. ఒకరోజు వీలు చూసుకుని, యూనిట్‌లోని ఆడవాళ్లందరికీ కోడికూర వండి పెట్టేది. అందుకు కావలసిన దినుసులు ఇక్కడి నుంచే పొట్లాలు కట్టి తెచ్చుకునేది. ఈసారి ఆమె సూట్‌కేసు నిండిపోయింది. కారం, చింతపండు, గసగసాలు కాస్ట్యూమ్ పెట్టెలో బ్లౌజుల మధ్య సర్దింది. నేను పక్కనే ఉన్నాను. గసగసాల పొట్లం ఆమె చేతికి అందించింది నేనే అనుకుంటా.

ఆ దేశంలో దిగేసరికి బాగా పొద్దెక్కింది. యూనిట్ వాళ్లంతా ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోతున్నారు. మా పెట్టె కస్టమ్స్ వాళ్ల స్కానింగ్ మెషీన్‌లోకి వెళ్లి ఆగిపోయింది. తెర ముందు కూర్చున్న ఆఫీసరు ఇంకొకరిని పిలిచాడు. పెట్టెకి నా పేరు చీటీ ఉంది. నన్నూ, నా వెంటే వచ్చిన పెద్దావిడనీ పక్క గదిలోకి తీసుకెళ్లారు.

అక్కడ నా వయసే ఉండే ఒక లేడీ ఆఫీసరు చేతులకు గ్లౌజులు వేసుకుని పెట్టె తెరిచింది. పైన ఉన్నది హీరోయిన్ లెహంగా. యూసుఫ్‌గూడలో నలుగురు మగ్గం పనివాళ్లు నెలన్నర కూర్చుని చేసిన బట్ట. దారిలో ఎక్కడో పొట్లం పగిలింది. జరీలో, పూసల సందుల్లో, చెమ్కీల కింద, ఎక్కడ చూసినా గసగసాలే. ఆమె ఒక గింజను వేలి కొసకు అంటించుకుని వెలుతురులో చూసింది. పక్కనున్న ఆయన వైపు తిరిగి, "ఖష్‌ఖాష్" అంది.

ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. కానీ ఆ మాట నాకు తెలుసు. మధురానగర్‌లో మా ఇంటి కింద కిరాణా కొట్టులో నా చిన్నప్పటి నుంచీ మా అమ్మ అడిగే మాట అది. "జర ఖస్‌ఖస్ ఇయ్యి భయ్యా" అని. ఇంగ్లీషులో చదివినప్పుడు తెలియని వస్తువు, అరబ్బీలో వినగానే తెలిసిపోయింది. పాపీ సీడ్స్ అంటే మేము కూరలో నూరి వేసుకునే గసగసాలని, సముద్రం దాటి వచ్చి ఆ గదిలో నిలబడ్డాక అర్థమైంది.

మా మాట అరబ్బీలో, వాళ్ల మాట తెలుగులో చెప్పడానికి ఒకాయనను పిలిపించారు. నిజామాబాద్ వైపు మనిషి. ఇరవై ఏళ్ల కింద మేస్త్రీ పనికి వచ్చి, అరబ్బీ నేర్చుకుని ఈ ఉద్యోగంలో కుదురుకున్నాడట. తెలుగు వినగానే నాకు ఏడుపొచ్చింది.

"పెద్దమ్మా, గీ దేశంల గసాలంటే మత్తుమందు లెక్క. తెల్వక తెచ్చినా కేసే. జైలు దాంక పోవచ్చు. పెట్టె ఎవరిదని అడుగుతున్నరు" అన్నాడు.

పెట్టె మీద ఉన్నది నా పేరు. నేను నోరు తెరిచేలోపే పెద్దావిడ నా ముందుకొచ్చి నిలబడింది.

"పెట్టె ఈ పిల్ల పేరు మీద ఉంది గానీ, సరుకు నాది నాయనా" అంది పెద్దావిడ. "కొన్నది నేను. అందులో పెట్టింది నేను. అట్లానే రాసుకోమను."

"జర సోంచాయించి చెప్పు పెద్దమ్మా. ఒక్కసారి రాస్తే మళ్ల మార్చరు."

"మార్చడానికేముంది, జరిగింది అదేగా."

మార్కెట్లో బట్ట కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది. తేకూడదని ముందే ఎవరైనా చెప్పారా అని ఆఫీసరు అడిగింది. "ఈ పిల్ల చదివి చెప్పింది. నాకే అర్థం కాలేదు" అంది.

ఆ మాటకు నేను అడ్డం వెళ్లాను. "గట్ల కాదన్నా. ఈమె అదేందని అడిగింది. నాకు గూడ తెల్వక, ఏవో విత్తనాలని చెప్పి ముందుకు పోయిన. తప్పు నాది."

ఆయన నన్నొకసారి, ఆమెనొకసారి చూసి అరబ్బీలో చెప్పాడు. ఆఫీసరు నా చేత అదే మాట ఇంకోసారి చెప్పించి, రెండూ రాసుకుంది.

తరవాత జరిగింది నేను ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. దొరికిన సరుకు మొత్తం లెక్కలోకి రావాలట. ఒక్క గింజ కూడా బట్టలో మిగలకూడదు. ఆ ఆఫీసరు బల్ల మీద తెల్లకాగితం పరిచి, లైటు దగ్గరికి లాక్కుని, సన్నటి పట్టకారుతో ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టింది. విసుగు లేదు, కోపం లేదు. ఏరిన ప్రతి గింజా కాగితం మీద పెడుతోంది. గంట గడిచింది. మేము ఎదురుగా కుర్చీల్లో కూర్చుని చూస్తున్నాం.

పెద్దావిడ ఉండబట్టలేక ముందుకు వంగింది. నాకు భయమేసింది.

"నాయనా, ఆ అమ్మాయికి చెప్పు. మగ్గం పనిని అట్లా గిల్లితే దారం తెగుద్ది. బట్ట తిరగేసి, వెనక నుంచి వేలితో మెల్లగా తట్టమను."

ఆయన చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసి, చెప్పాడు. ఆఫీసరు తలెత్తి పెద్దావిడ వైపు చూసింది. ఆ బట్టను మేము ముట్టుకోవడానికి వీల్లేదు. అందుకని పెద్దావిడ తన చీర కొంగు తిరగేసి, ఎడమ చేతి మీద పరిచి, ఎలా తట్టాలో చూపించింది. ఆఫీసరు రెండుసార్లు చూసి నేర్చుకుంది. లెహంగా తిరగేసి, మధ్యవేలితో తట్టింది. కాగితం మీద సన్నగా రాలిన చప్పుడైంది. ఇంకో చోట తట్టింది. మళ్లీ రాలాయి. పెద్దావిడ వేలు చూపిస్తూ ఉంటే, ఆమె ఆ చోటే తడుతోంది. ఒకరి మీద కేసు రాస్తున్న మనిషీ, ఆ కేసులో జైలుకు పోవచ్చని విన్న మనిషీ, బట్ట పాడవకూడదని కలిసి పని చేస్తున్నారు.

"చేతిలో పనితనం ఉందే ఈ పిల్లకి" అంది పెద్దావిడ నా చెవిలో.

కంటికి సరిగ్గా ఆనని గింజను కూడా వదలని చట్టం ఒక పక్క. ఆ చట్టం తన మీదికే వస్తున్నా దారం గురించి ఆలోచిస్తున్న మనిషి ఇంకో పక్క. రెండూ నాకంటే చాలా పెద్దవనిపించాయి. అంత గొప్ప ఓపికను నేను ఏ సెట్ మీదా చూడలేదు.

ఏరినవన్నీ తూచి, కవర్లో వేసి సీలు వేశారు. పెద్దావిడ అరబ్బీ కాగితం కింద తెలుగులో సంతకం పెట్టింది. మా ఇద్దరి పాస్‌పోర్టులు తీసుకుని, ఆమెను హోటల్ దాటి వెళ్లొద్దనీ, మూడో రోజు ఇద్దరినీ ఆఫీసుకు రమ్మనీ చెప్పి వదిలారు. బట్ట మాత్రం మాకిచ్చేశారు. ఒక్క దారం తెగలేదు.

ఆ రెండు రోజులూ ఎడారిలో పాట తీశారు. నేను ఒక్కదాన్నే డ్రెస్సులు చూసుకున్నాను. సాయంత్రం గదికి వస్తే ఆమె కిటికీ దగ్గర కూర్చుని బైబిలు చదువుతూ కనిపించేది.

"భయమైతలేదా అమ్మా?" అని అడిగాను.

"ఎందుక్కాదే? అన్నం సహించట్లా. మా మనవరాలికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియట్లా. కానీ నీ పేరు రాయిస్తే అసలు నీ మొహం ఎట్లా చూసేదాన్ని?"

మూడో రోజు అక్కడి పెద్ద అధికారి, ఒక ముసలాయన ముందు కూర్చోబెట్టారు. కాగితాలన్నీ చదివి, నిజామాబాద్ ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. చివరికి నిజామాబాద్ ఆయన మా వైపు తిరిగాడు.

"కొంచెమే ఉంది, వంటకు తెచ్చిండ్రు, అబద్ధం ఆడలేదు. అందుకని గీసారి ఇడుస్తుండు. మళ్ల తెస్తే ఇడువడంట. తెల్వదన్న మాట ఇంకోపారి చెల్లదు అంటుండు." గొంతు తగ్గించి అన్నాడు, "గీ గదిలకు వచ్చినోళ్లు తప్పు పక్కోళ్ల మీదికి నెడ్తరంట. మీరిద్దరు మీ మీదికే గుంజుకున్నరని, ఆ మాటలే రెండుసార్లు చదివిండు."

పాస్‌పోర్టులు చేతికి వచ్చాక పెద్దావిడ ఆ నిజామాబాద్ ఆయన తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. ఆయన అంత పొడుగు మనిషీ ఆమెకు అందేలా వంగి నిలబడ్డాడు.

ఆమెకు ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. జూబ్లీ హిల్స్‌లో షూటింగ్ ఉంటేనే వస్తోంది. ఫిల్మ్ నగర్ టీ కొట్టు దగ్గర మావాళ్లు ఈ సంగతిని నవ్వులాటగా చెప్పుకుంటారు. మమ్మల్ని స్మగ్లర్లంటారు. నేనూ నవ్వుతాను. కొత్తగా వచ్చిన వాళ్లు "నిజంగా ఏమైందక్కా?" అని అడిగితే, కేసు సంగతి, పాస్‌పోర్టు సంగతి గబగబా చెప్పేస్తాను. ఆ బల్ల దగ్గర ఆ ఇద్దరి వేళ్లు కదిలిన తీరు చెప్పబోతే మాత్రం నాకు మాటలు సరిపోవు. చెయ్యి ఎత్తి, గాలిలో మెల్లగా తట్టి చూపిస్తాను. వాళ్లు అర్థం కానట్టు చూస్తారు.